తీగ లాగిన విమానం

పిల్లల వరసలో నిలబడ్డ పెద్దావిడ ఆ పొద్దున సామ్రాజ్యం ఒక్కతే. ముందు నీలం గౌను పిల్ల, ఆ పిల్లకు ముందు కాగితం జెండా పట్టుకున్న గుండు పిల్లాడు, వెనక ముక్కు చీదుకుంటూ ఇంకొకడు, వాళ్ల మధ్య ఆమె మినప చేలో మొలిచిన జొన్న మొక్కలా అందరికీ కనిపిస్తోంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ, నవ్వుకు టికెట్ లేదుగా, ఈ పూట లోపలికి రావడానికే లేదు. ఏడాదికి ఒక్కరోజు సముద్రం ఒడ్డున ఉన్న ఈ ఎయిర్ బేస్ గేటు తీసి, పని మానేసిన పాత విమానాలను జనానికి చూపిస్తారు. ఆధార్ కార్డు చూపించి, ఫోను గేటు దగ్గర అప్పజెప్పి, తాడు ఇవతల నిలబడి చూసి వెళ్లాలి. నిరుడు ఆమె అలాగే చూసి వెళ్లిపోయింది. ఈ ఏడు కొత్తగా ఒక విమానానికి నిచ్చెన వేశారు. పైలట్ కూర్చునే సీటులో కూర్చోవచ్చట, చిన్నపిల్లలకు మాత్రమేనట, ఆ సంగతి బోర్డు మీద మూడు భాషల్లో రాసి పెట్టారు. మూడింట్లో ఒకటి ఆమెకు చదవడం వచ్చు. చదివే వచ్చి నిలబడింది.

షామియానా కింద నుంచి నాగజ్యోతి చెయ్యి ఊపుతోంది, వచ్చెయ్ వచ్చెయ్ అని. నాగజ్యోతి వాళ్ల పేటలోనే ఉంటుంది, మిరప కోతలకు ఆడవాళ్లను ఆటోల్లో ఎక్కించి తీసుకెళ్లే మేస్త్రి. రైతుల దగ్గర ఆమె నోరు మైకు అక్కర్లేని నోరు. యూనిఫాం కనబడితే మాత్రం ఆ నోరు మడిచి బొడ్లో దోపుకుంటుంది. వాళ్లు నిన్ను బయటికి గెంటితే నువ్వెవరో నాకు తెలియదంటాను వదినా అని పొద్దున ఆటోలోనే చెప్పేసింది, నవ్వుతూ చెప్పినా నిజమే చెప్పింది. సామ్రాజ్యం ఆమె వైపు చూడటం మానేసి విమానం వైపు చూసింది. దాని పొట్ట మీద పచ్చ చారా నల్ల చారా, పచ్చ చారా నల్ల చారా. కొత్తగా రంగేశారు, మెరుస్తోంది, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు చుట్టూ పూలకుండీలు కూడా పెట్టారు. రంగేసినా పోలిక దాస్తుందా? పేటలో అందరూ దాన్ని కందిరీగ అనేవాళ్లు. ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చినా పొట్ట చూసి పోల్చేసేవాళ్లు, అదిగో కందిరీగ, దాని తోక చూడు ఎంత పొడవో అని.

తోకంటే తీగ. ఉక్కు తీగ, దాని చివర ఎర్రగుడ్డ సంచి. విమానం ఆ సంచిని ఈడ్చుకుంటూ సముద్రం మీద పోతుంటే, ఒడ్డు మీది ఫిరంగులు ఆ ఎర్రగుడ్డను గురి చూసి కొట్టేవి. గురి నేర్చుకోవాలి కదా, దేశం అన్నాక నేర్చుకోవాలి, ఆ మాట ఆమె ఎప్పుడూ కాదనలేదు. కాల్పులయ్యాక విమానం వెనక్కి తిరిగి, దిగబోయే ముందు తీగను తెంపి ఇసుక మీదికి వదిలేసేది. జవాన్లు వచ్చి చుట్ట చుట్టుకుని తీసుకుపోయేవాళ్లు. అందుకే కాల్పుల రోజు జీపులో మైకు పెట్టి చెప్పేవాళ్లు, కొయ్య మీద ఎర్రజెండా ఎగరేసేవాళ్లు. జెండా ఎగిరితే పేట పేటంతా చద్దిమూటలు కట్టుకుని, గొడ్లను తోలుకుని, సరుగుడు తోపుల అవతలికి పోవాలి, జెండా దిగాక తిరిగి రావాలి. కొత్త కోడలిగా ఆమెకు అది తిరనాళ్లలా ఉండేది. వంట లేదు, పని లేదు, సరుగుడు నీడ, అత్తగారు కూడా నడుం వాల్చి నిద్రపోయేది. ఆమె మొగుడు రాఘవులు మాత్రం పైకి చూసి ఆ విమానాన్ని ప్రతిసారీ ఒకే తిట్టు తిట్టేవాడు, నీ తోక తెగ అని, ముద్దుగా, కోడిపెట్టను తిట్టినట్టు. తరవాత మరిది పెళ్లాం అందిగా, ఆ తిట్టే తగిలిందని. నోరా అది, తాటిమట్టా?

వరస రెండడుగులు జరిగింది. నిచ్చెన పక్కన నిలబడ్డ కుర్రాడు ఒక్కొక్క పిల్లనీ చంకల కింద పట్టుకుని ఎక్కిస్తున్నాడు, సీటులో కూర్చోబెడుతున్నాడు, తల్లిదండ్రుల కోసం ఇంకొకతను ఫొటో తీస్తున్నాడు, దించేస్తున్నాడు. చొక్కా మీద పేరు ప్రసన్నకుమార్. మాట మనవైపే, పిడుగురాళ్ల వైపు కావచ్చు. పిల్లలు లోపల కూర్చుంటే తల పైభాగం తప్ప కనిపించడం లేదు. దిగేటప్పుడు అందరూ నవ్వుతూనే దిగుతున్నారు. లోపల ఏం కనపడింది రా అని ఆమె ఒకడిని అడిగింది. బటన్లు అన్నాడు వాడు. బటన్లు ఎవరికి కావాలి? అందులో కూర్చున్నవాడికి నేల మీద మనిషి కనబడతాడా కనబడడా, ఆ ఒక్క సంగతి కళ్లారా చూసుకోవాలి ఆమెకు. ఇరవై ఏళ్ల పైనుంచి అడుగుతున్న ప్రశ్న అది. కోటప్పకొండ ఎక్కినప్పుడు అందరూ స్వామి వైపు తిరిగితే ఆమె కిందికి తిరిగింది. కింద బస్సుల దగ్గర మనిషి కనబడ్డాడు, చిన్నగానే, కాని మనిషే, చెయ్యి ఆడిస్తే చెయ్యి కూడా తెలిసింది. గుంటూరులో మిరప తొడిమలు తీసే పనికి వెళ్లినప్పుడు కోల్డ్ స్టోరేజీ డాబా ఎక్కి చూసింది, మేస్త్రి చేత తిట్లు తింది, కనబడ్డారు. పేటలో నీళ్ల ట్యాంకు కట్టిన ఏడు, ఆడదానివి ఎక్కుతావేంటని నలుగురు అరుస్తుండగా ఎక్కి, తమ దొరువు వైపే చూసింది. దొరువు కనబడింది, అందులో నీళ్లు తళుక్కుమన్నాయి, గట్టు మీది కాకి కూడా కనబడింది. కాకి కనబడ్డాక మొగుడు కనబడడా?

దొరువంటే బావి కాదు, ఊరివాళ్లు బావి అనే రాసుకున్నారు గాని. ఇసుకలో బానలా తవ్విన గుంట, ఒక పక్క వాలుగా దారి. రెండు కుండల కావడి భుజాన వేసుకుని ఆ వాలు దిగి, వంగి రెండూ ఒకేసారి ముంచి, ఎక్కి వచ్చి, నారుమడి మీద వానలా చల్లుకుంటూ నడవాలి. నీళ్లు మోకాలు దాటవు. పర్చూరు నల్లరేగడి రైతులు తోటలు వేసేది ఈ ఇసుకలో పెరిగిన మిరప నారుతోనే, ఇక్కడి నారుకు వేరు తిన్నగా దిగుతుందని పేరు. కాని ఇసుక తల్లి కాదు, సవతి తల్లి. పొద్దున పోసిన నీళ్లు పది గంటలకు గుర్తుండవు దానికి. రెండు పూటలా తడి పెట్టకపోతే మొలక మాడి మసైపోతుంది. ఎర్రజెండాకు నారు సంగతి ఏం తెలుసు? జెండా ఎగిరిన రోజుల్లో పేటలో మగవాళ్లు ఎవరో ఒకరు తోపుల్లోంచి వెనక్కి జారుకుని ఒక్క తడి పెట్టి వచ్చేవాళ్లు. తెలిసీ చేసేవాళ్లు, అందరూ చేసేవాళ్లు, ఆ మరిది కోటేష్ కూడా చేశాడు, ఇప్పుడు చెయ్యలేదంటాడు. ఆ రోజు శ్రావణం రాకముందు ఎండ. రాఘవులు చద్ది తిన్నాడు, చెయ్యి తుడుచుకున్నాడు, ఒక్క తడి పెట్టి వచ్చేస్తా, మళ్లీ నిద్రపోకు, నా వాటా మామిడికాయ బద్ద నువ్వు తినెయ్యకు అన్నాడు. మొగుడు పెళ్లాంతో అన్న ఆఖరిమాట మామిడికాయ బద్ద గురించి. ఎవరికైనా చెప్పుకుంటే ఏం గొప్పగా ఉంటుంది? ఉండక్కర్లేదు. ఆ మాటంటే ఆమెకు ప్రాణం.

నీలం గౌను పిల్ల ఎక్కింది. ఇక తరవాత ఆమే. ఆ రోజు తోపుల అవతల కూర్చుని ఆమె కూడా చూసింది, కందిరీగ వంగి తిరగడం, తీగ విడిపోవడం, ఎర్రగుడ్డ గాలిలో ఒక్క క్షణం నిలబడి సర్రున వాలడం. ఏ వైపు వాలిందో చూసింది. పరిగెత్తింది. జెండా దిగకుండానే పరిగెత్తింది, అత్తగారు కేకలేస్తున్నా ఆగలేదు. కావడిబద్ద రెండు ముక్కలై ఉంది, కుండలు పగిలి ఉన్నాయి, తీగ దొరువు మీదుగా పడి సగం నీళ్లలో ఉంది. అతను వాలు మీద పక్కకు తిరిగి పడుకున్నాడు, నిద్రపోయినట్టు కాదు, ఆ మాట అన్నవాళ్లెవరూ చూడలేదు. మెడ దగ్గర చీరుకుపోయి ఉంది. ఆమె చీర కొంగు పెట్టి అదిమింది. అదిమినకొద్దీ కొంగు తడిసింది గాని అతను కళ్లు తెరవలేదు.

మర్నాడు బేస్ నుంచి ముగ్గురు వచ్చారు, మర్యాదస్తులే, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. తీగ వదిలే ముందు విమానంలో ఉన్నతను కిందికి చూశాడమ్మా, ఎవరూ లేరు అని నిర్ధారించుకునే వదిలాడు అన్నారు. కాబట్టి మీ ఆయన తరవాత వచ్చి ఉంటాడు, ఆ తీగ కాలికి తగిలి జారి పడి ఉంటాడు అన్నారు. మోకాల్లోతు నీళ్లున్న చోట, పుట్టినప్పటి నుంచి దిగి ఎక్కిన వాలు మీద, జారి పడ్డాడట. ఊళ్లో పెద్దమనుషులు తలలూపారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు ఆమెను. ఆమె ఒప్పుకోలేదు. అతను ఉన్నాడు, వాళ్లు చూశారు, చూసీ వదిలారు, తరవాత భయపడి లేడన్నారు, అదీ ఆమె మాట. బేస్ గేటు దగ్గర అంది, కలెక్టరాఫీసు వరండాలో అంది, పెళ్లిళ్లలో కూడా అంటుంటే పిలవడం తగ్గించారు. కోటేష్ ఎదురుగానే చెప్పేవాడు, వదినా, పైనున్నోడికి కిందోడు చీమ, చీమ ఎవడి కంటికి ఆనుతుంది, వదిలెయ్ అని. చీమే అయితే చీమ ఉందనాలి. వదిలెయ్యడానికి అదేమన్నా తీగా? కోటేష్ మాటే నిజమైతే ఎవరిదీ తప్పు కాదు, అంతా ప్రాప్తం, ఆమె ఇరవై ఏళ్లు ఉత్తపుణ్యానికి గొంతు చించుకున్నట్టు. ఆమె మాట నిజమైతే ఒక మనిషి అబద్ధం ఆడాడు. రెండూ కాకుండా మూడోది ఉంటుందని ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

“అమ్మా, పిల్లలు ఎక్కడ?” అన్నాడు ప్రసన్నకుమార్.

పిల్లలు లేరు, నేనే ఎక్కుతాను అంది ఆమె. అతను నవ్వి బోర్డు చూపించాడు. చదివానంది. రూల్ అన్నాడు, పెద్దవాళ్లను ఎక్కిస్తే సార్ ఒప్పుకోరన్నాడు, నిచ్చెన జారుతుందన్నాడు, మా అమ్మలాంటిదానివి, పడిపోతే నా ఉద్యోగం పోతుందన్నాడు. వెనక తల్లిదండ్రుల్లో ఎవరో, పిల్లల ఆటలో ఈవిడేంటండీ అన్నారు. ఆమె నిచ్చెన కమ్మీ పట్టుకుంది. పట్టుకుంటే చల్లగా ఉంది, ఇంత ఎండలోనూ. అప్పుడే తెలిసింది ఆమెకు, ఇవాళ ఈ చెయ్యి వదలదని.

“కావడి భుజాన పెట్టుకుని ఇసుక వాలు దిగి ఎక్కిన కాళ్లు బాబూ ఇవి, జారవు. ఈ విమానం మా నెత్తి మీద ముప్పై ఏళ్లు తిరిగింది. జెండా ఎగిరిన ప్రతిసారీ లెమ్మంటే లేచాం, పొమ్మంటే పోయాం. ఒక్కసారి దీంట్లో కూర్చుని దిగుతా. పట్టుకుని లాగేస్తావా, లాగెయ్.”

గొంతు పెంచకుండానే అంది. అతను లాగలేదు. ఆడమనిషిని లాగడానికి అతని చేతికి మనసు రాలేదో, వరస ఆగిపోతే సార్ చూస్తాడని భయమో, త్వరగా ఎక్కి త్వరగా దిగాలమ్మా అని గొణిగి పక్కకు జరిగాడు. షామియానా కింద నాగజ్యోతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సామ్రాజ్యం కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఒక్కొక్క మెట్టూ ఎక్కింది. పైన ఆగి చుట్టూ చూసింది. అక్కణ్ణుంచి అందరూ కనబడుతున్నారు, గుండు పిల్లాడు, వాడి జెండా, మజ్జిగ పాకెట్లు పంచేవాళ్లు, గోడ అవతల రోడ్డు మీద వెళుతున్న పత్తి లోడు ట్రాక్టరు కూడా. కనబడుతున్నారు! గుండె ఎగిరి గంతేసింది. చూడరా కోటేషూ అనుకుంది. కాలు లోపలికి వేసి, సీటు మీదికి జారి కూర్చుంది.

ఆకాశం. ఇంకేమీ లేదు. ఎదురుగా నల్లటి డబ్బా, దాని నిండా గడియారాల్లాంటివి, వాటి మీదుగా విమానం ముక్కు పైకి లేచి ఉంది, ముక్కు మీద ఆకాశం. మెడ చాపింది, ముక్కే. సీటులోనే పైకి లేచి నిక్కింది, ఇంకొంచెం ముక్కు. కుడివైపు వంగింది, రేకు గడ్డం దాకా వచ్చింది, దాని కిందంతా రెక్క, పరిచిన చాపలా వెడల్పాటి రెక్క. ఎడమవైపూ అంతే. రెక్క చివర ఎక్కడో దూరంగా షామియానా గుడ్డ అంచు, అంతకన్నా దూరంగా సరుగుడు చెట్ల తలలు. పిల్లలు లేరు. నాగజ్యోతి లేదు. ఇప్పుడే చూసిన మనుషులంతా ఏమైపోయారు? పొట్టిదాన్ని గదా, అందుకనేమో అనుకుంది, ఆశపడింది, నీళ్లలో పడ్డవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు ఆ మాట పట్టుకుంది. ఎగిరేటప్పుడు పైలట్‌కు బాగా కనబడుతుంది కదూ బాబూ అని అడిగింది.

“ఎగిరేటప్పుడూ ఇంతేనమ్మా. పొడుగాటివాళ్లకైనా ముక్కు కిందది, రెక్క కిందది కనబడదు. ఒక పక్కకి బాగా వంచితేనే, అదీ ఆ పక్కదే. నేరుగా పోతుంటే కిందేముందో ఎవరికీ తెలీదు.”

పాపం, ఓదార్చడానికే చెప్పాడు. ఆమెకు మాత్రం ట్యాంకు, కొండ, డాబా, ఎక్కినవన్నీ ఒక్కసారి కూలిపోయినట్టయింది. కనబడడు. కోటేష్ మాటే నిజం. ఎవడూ చూసి వదల్లేదు, ఎవడూ కావాలని చంపలేదు, ఇన్నేళ్లూ ముఖం తెలియని ఒక మనిషిని హంతకుడా అని తిట్టింది, అతనికి ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. రేకు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఆ కూర్చోవడంలో, ముక్కు మీది ఆ ఖాళీ ఆకాశం కేసి చూస్తుండగా, కోపం వచ్చింది. పాతది కాదు, కొత్తది. కాళ్ల కింద నుంచి మెల్లగా ఎక్కి వచ్చింది. ఇందులో కూర్చుంటే ఏమీ కనబడదు కదా. మనిషి ఉన్నా కనబడడు, ఏనుగు ఉన్నా కనబడదు. మరి చూశాం అని ఎలా అన్నారు? ఎవరూ లేరు అని ఎలా అన్నారు? చెప్పులు బయట విడిచి, మంచినీళ్లు తాగి, చూడనిదాన్ని చూశామని, ఉన్న మనిషిని లేడని, మెత్తగా చెప్పి వెళ్లిపోయారు. ఆ లేడు అన్న మాట మీద ఊరంతా తల ఊపింది. ఆ లేడు అన్న మాట కింద ఆమె మొగుడు, అంత పొడుగు మనిషి, రెండు కుండల నీళ్లు ఒక్క భుజాన మోసేవాడు, ఇరవై ఏళ్లుగా జారిపడి ఉన్నాడు.

దిగండమ్మా, ఫొటో కూడా తీశారు, పిల్లలు ఆగారు అంటున్నాడు ప్రసన్నకుమార్. కింద ఎవరో ఈల వేశారు. సామ్రాజ్యం రెండు చేతులూ రెండు వైపుల రేకు మీద పెట్టి, వీపు సీటుకు ఆనించి, సర్దుకుని కూర్చుంది.

“మీ పెద్ద సార్‌ని పిలువు నాయనా. ఆయన్ని ఇందులో కూర్చోబెట్టి కిందేం కనబడుతుందో అడగాలి. మా ఆయన ఆ పూట దొరువులో ఉన్నాడు. కనబడలేదని చెప్పండి, ఒప్పుకుంటా. లేడని చెప్పొద్దు.”

ఏ ఆయన, ఏ పూట, అతనికేం తెలుసు. అయినా ఆమె ముఖం చూసి నిచ్చెన దిగి, పూలకుండీల పక్కగా ఆఫీసరు ఉన్న వైపు నడిచాడు. నాలుగడుగులకే రెక్క చాటున పడి ఆమెకు కనబడకుండా పోయాడు. కనబడకపోయినా అక్కడే ఉన్నాడని ఆమెకు తెలుసు. ఆమె దిగలేదు.